800 రూపాయల టికెట్టు, ఒంటిమిట్ట చెరువు

మా వీధిలో ఒక పిల్లోడున్నాడు. కడప రైల్వే స్టేషన్ దగ్గర ఆటో తోలుతాడు. పిల్లోడంటున్నాను గానీ వాడికే ఇద్దరు పిల్లలు. 2024 డిసెంబరు 4న సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, రాత్రి తొమ్మిదిన్నర ఆటకు ఒక టికెట్టు మిగిలింది, వస్తావా?" అన్నాడు. 'పుష్ప' రెండో భాగం. విడుదలకు ముందురోజు రాత్రి వేసిన ప్రత్యేక ఆట. టికెట్టు 800. అది థియేటరు వాడు సొంతంగా పెట్టుకున్న ధర కాదు, సర్కారు అనుమతిచ్చిన ధర.

పోయినాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. హింస సినిమాల మీద వ్యాసాలు రాసేవాళ్లు మామూలుగా ఆ సినిమా చూడలేదనో, ఇంట్లో పిల్లలు పోరుపెడితే పోయినామనో చెప్పుకుంటారు. నన్నెవరూ పోరుపెట్టలేదు. విజిలు కూడా వేసినాను. అదే రాత్రి హైదరాబాదులో అదే సినిమా దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయిందని మాకు తెల్లవారినాక తెలిసింది. దాని మీద అందరూ రాసినారు. నేను రాయబోయేది ఇంకో సంగతి.

నేను ఆడిటరు ఆఫీసులో పనిచేస్తాను. ఎక్కడ కూర్చున్నా వేళ్లు ఏదో ఒక లెక్క కడుతూనే ఉంటాయి. ఆ యేడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే ఎండలో మట్టి తవ్వే మనిషికి ఆ సీటు రెండున్నర రోజుల పని కన్నా ఎక్కువ. ఇదే రాష్ట్రంలో 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35లో పల్లెటూరి నాన్‌ ఏసీ థియేటరు నేల టికెట్టు 5 రూపాయలని రాసినారు. టీ నీళ్ల కన్నా చవగ్గా సినిమా ఏందని నవ్వినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లూ ఉన్నారు. నాలుగేళ్లు తిరక్కముందే 800. ఈ రెండు అంకెల మధ్య మా పిల్లోడి ఆదాయం ఎంత పెరిగిందని అడిగితే, "ఆటో కిస్తీ పెరిగింది నా" అన్నాడు.

తెర మీది మనిషి మా కొండల్లో ఎర్రచందనం చెట్లు నరికే కూలీగా బతుకు మొదలుపెట్టినోడు. ఇప్పుడు పెద్దపెద్దోళ్లు వాడి ముందు చేతులు కట్టుకుంటున్నారు. హాలు ఊగిపోతోంది. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి ఉండగా, ఎందుకో తెలియదు, నాకు ఒంటిమిట్ట చెరువు గుర్తొచ్చింది.

2018 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మేం రాజంపేటలో పెళ్లికి పోతున్నాం. ఒంటిమిట్ట చెరువు దగ్గర రోడ్డు మీద బండ్లు ఆగిపోయినాయి. కోదండరాముడి గుడి ఉన్న ఊరు కదా, ఏదో ఉత్సవమనుకున్నాం. దిగి చూస్తే చెరువులో శవాలు. మొత్తం అయిదు. ఎర్రచందనం కొట్టడానికి తమిళనాడు నుంచి వచ్చిన కూలీలని తర్వాత పేపర్లో రాసినారు. తరుముతుంటే చీకట్లో చెరువులో పడినారా, ఇంకేమన్నా జరిగిందా అని నాలుగు రోజులు మాటలు నడిచినాయి. అయిదో రోజు ఇంకో వార్త వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని, జేబులోంచి ఫోన్ తీసి ఫోటో కొట్టడం. పక్కనున్న వాళ్లూ అదే చేస్తున్నారు. పెళ్లి భోజనాల దగ్గర ఆ ఫోటో చేతులు మారింది. "అయ్యో పాపం" అన్నారు, పప్పులో నెయ్యి పోయించుకున్నారు. వడ్డించే అతను సాంబారు బకెట్టు కింద పెట్టి మరీ వంగి చూసినాడు. ఎవరో, "దుంగలు దొరికినాయంటనా?" అని అడిగినారు. దుంగల సంగతి అడిగినారు. మనుషుల పేర్లు మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా పాత ఫోన్లో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. తీసేయబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు.

బయటి జిల్లాలవాళ్ల కోసం ఎర్రచందనం గురించి నాలుగు మాటలు చెప్పాలి. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, ఈ చుట్టుపక్కల తప్ప ఈ చెట్టు లోకంలో ఇంకెక్కడా తనంతట తాను అడవిగా పెరగదు. రాళ్లలో పుడుతుంది, నీళ్లు పెద్దగా అడగదు, చేవ కట్టడానికి పాతికేళ్లు పైనే పడుతుంది. చాలావరకు మా మనుషుల మాదిరే. ఆ చేవకే ధర. చైనాలో దాంతో ఫర్నిచరు చేస్తారు. జపాన్‌లో షామిసెన్ అని మూడు తీగల వాయిద్యం ఉంది, దాని మెడకు ఈ కట్టె శ్రేష్ఠమంటారు. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దీని వ్యాపారం మీద కట్టడి ఉంది. కట్టడి ఉన్న సరుకుకు దొంగదారిలో ధర ఎట్లా పెరుగుతుందో ఆడిటరు ఆఫీసు వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గొడ్డలి పట్టేది కూలీ. ఆయన్ను కొండ నుంచి తోలుకొచ్చేది మేస్త్రీ. దుంగలబండికి ముందు పోయి దారి చూసేది పైలెట్ బండి. ఆ తర్వాత గోడౌను, ఆ తర్వాత ఓడరేవు, ఆ తర్వాత బయటి దేశంలో మనం ఎన్నటికీ చూడని ఒక మనిషి. ఒక్కో చెయ్యి మారేకొద్దీ ధర పెరుగుతుంది, ప్రాణభయం తగ్గుతుంది. చెట్టు మొదట్లో నిలబడినోడికి ధర అన్నిటికన్నా తక్కువ, భయం అన్నిటికన్నా ఎక్కువ. తిరువణ్ణామలై వైపు జవ్వాది కొండల నుంచి వచ్చే ఆ మనుషులకు గొడ్డలి పట్టడం వచ్చు, ఊళ్లో పని లేదు, నెత్తిన అప్పుంది. అంతకుమించిన అర్హత ఎవరూ అడగరు.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయినారు. రాళ్లతో, గొడ్డళ్లతో మా మీదికొచ్చినారని పోలీసులన్నారు. ముందే పట్టుకొని చంపినారని హక్కుల సంఘాలవాళ్లు కోర్టుకు పోయినారు. దానికి ముందు 2013 డిసెంబరులో అదే శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపినారు. దాన్ని దాటేసి మాట్లాడటం తప్పు, వాళ్లూ నెల జీతానికి బతికినవాళ్లే. 2020 నవంబరులో మా వల్లూరు మండలంలో దుంగలతో పోతున్న బండి టిప్పరును గుద్ది అంటుకుంటే లోపలి కూలీలు బతికుండగానే కాలిపోయినారు. నేను ఈ చావులన్నీ ఒక కాగితం మీద వేసుకొని చూసినాను. కూలీలున్నారు, కొండలెక్కే ఉద్యోగులున్నారు. గోడౌను ఓనరు ఒక్కడూ లేడు.

సినిమా చూసి పిల్లోళ్లు కత్తులు పడతారా పట్టరా అన్న చర్చ నాకు విసుగు. పట్టేవాడు సినిమా లేకపోయినా పడతాడు. మా కడప థియేటర్లలో యాభై ఏళ్లుగా కొన్ని వేల తలలు తెగినాయి, బయటికొచ్చి మనం చేసింది బజ్జీలు తినడమే. నా పేచీ ఇంకోచోట ఉంది. సినిమాలో మనం కూలీని ప్రేమించాలంటే వాడు ముందు కూలీతనం వదిలేయాలి. మొదటి అరగంటలో మేస్త్రీ కావాలి, ఇంటర్వెల్లుకు పెద్ద తలకాయ కావాలి. అప్పుడే విజిలు. వాడితోపాటు గొడ్డలి పట్టిన మిగతా నలభై మంది ఏమైనారని మనం అడగం, వాళ్లు పాటలో వెనక వరుసలో ఉంటారు. హీరో ఒక్క ఊపు ఊపితే గాల్లో ఎగిరిపడే వాళ్లను చూడండి. కథలోనూ వాళ్లు ఎవడో పిలిస్తే కూలికి వచ్చినోళ్లే, షూటింగులోనూ రోజు కూలికి వచ్చినోళ్లే. రెండుచోట్లా వాళ్లకు పేరుండదు. పేరులేని వాళ్ల చావును చూసి ఆనందించడం మూడు గంటలు సాధన చేసి వచ్చినవాడికి, చెరువులో తేలుతున్న పేరులేని వాళ్లను చూస్తే చెయ్యి ఫోన్ మీదికి పోక ఇంకెక్కడికి పోతుంది? నా చెయ్యి పోయింది. ఇతరుల సంగతి నాకు తెలియదు.

ఇది ఎర్రచందనంతో మొదలైంది కాదు. మా అమ్మ పుట్టినూరు జమ్మలమడుగు వైపు. ఊరి పేరు వద్దు. అక్కడ ఒకాయన ఉండేవాడు, వరసకు నాకు తాత. ఎడమ చేతికి మూడే వేళ్లు. నాటుబాంబులు చుట్టేటప్పుడు మిగతా రెండూ పోయినాయి. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' ఆడినాక నాలుగైదేళ్లపాటు ఫ్యాక్షన్ సినిమాలు వరసపెట్టి వచ్చినాయి కదా, అట్లాంటిదే ఒకటి పండగ రోజు టీవీలో వస్తుంటే ఇల్లంతా చేరి చూస్తున్నాం. పిల్లలం మేం ముందర, ఆయన గడప దగ్గర బీడీ పట్టుకొని. ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ సుమోలు వస్తున్నాయి. ఆయన ఉన్నట్టుండి అడిగినాడు:

"అన్ని బండ్లకు డీజలు ఎవురు పోసినార్రా?"

మేం పడీపడీ నవ్వినాం. ఆయన నవ్వలేదు. "మేము రాత్రిపూట జొన్నచేలల్లో పడి నడిచిపోయేటోళ్లం. జీపు పంపమంటే పెద్దాయన తిట్టేవాడు, డీజలు మీ నాయన పోస్తాడా అని" అన్నాడు. నడిచిపోయి, చేయాల్సింది చేసి, నడిచొచ్చి, తెల్లారి మళ్లీ ఆయన చేలోనే కూలికి పోయేవాళ్లంట. జైలుకు పోయినప్పుడు ఇంటికి నెలకో బియ్యం మూట పంపిస్తానని పెద్దాయన మాటిచ్చినాడంట. మూడు నెలలు వచ్చింది.

అంత పగ దేనికయ్యా అంటే సారా వేలంపాటలు, రోడ్డు పనులు, కాలువ కాంట్రాక్టులు, గనులు, పంచాయతీలో ఓట్లు. చంపినోడికీ చచ్చినోడికీ వాటిలో పైసా వాటా లేదు. సినిమాలో ఇవేవీ కనపడవు. అక్కడ తాతను చంపినారని మనవడు చంపుతాడు, అదేదో మా నేల గుణమైనట్టు. నేను చూసిన ఫ్యాక్షన్ సినిమాల్లో టెండరు కాగితం చూపించింది ఒక్కటీ గుర్తులేదు. రక్తం చూపించినందుకు నాకు కోపం లేదు. ఆ రక్తం ఏ పద్దు కింద ఖర్చయిందో కప్పిపెట్టినందుకు కోపం. డీజలు గురించి అడిగిన విమర్శకుడు కూడా మా మూడువేళ్ల తాత తప్ప నాకింకెవరూ తగల్లేదు.

హైదరాబాదులో రెండేళ్లున్నాను. అద్దె గది కోసం పోతే, "కడపా?" అని ఇంటాయన ఒకడుగు వెనక్కి వేసి నవ్వినాడు. సీమ పిల్లలందరి దగ్గరా ఈ కథ ఉంటుంది కాబట్టి పొడిగించను. ఎవరూ చెప్పుకోనిది ఒకటుంది. నేను ఆ భయాన్ని వాడుకున్నాను. మా గదిలో ఒకడు నాకు 1,200 ఇవ్వాలి. నెలలు తిప్పుతున్నాడు. ఒకరోజు ఏమీ అనకుండా, గోడకానుకొని నిలబడి, గొంతు కాస్త తగ్గించి, "మాది కడప జిల్లా, తెలుసు కదబ్బీ" అన్నాను. అంతే. సాయంత్రానికి డబ్బులొచ్చినాయి. మా ఇంట్లో కొడవలితో టెంకాయ కొట్టడం కూడా మా అమ్మే కొడుతుంది, నాకు రాదు. తాత రెండు వేళ్లు పోగొట్టుకొని సంపాదించిన భయం అది. సినిమావాళ్లు దాన్ని కోట్లకు అమ్ముకున్నారు, నేను 1,200కు.

హింస అంటే ఏదైనా ఒకటే అనేవాళ్లతో నాకు కుదరదు. కారణం దేవరగట్టు.

దసరా రాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో జరిగే బన్ని ఉత్సవానికి ఆలూరు స్నేహితుడు ఒకసారి తోలుకపోయినాడు. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణమైనాక నడిరాత్రి ఉత్సవమూర్తులను కొండ దించుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు దేవుడికి కాపలా. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎదురుగా. ఇనుప కట్లు వేసిన కర్రలు, దివిటీలు, ఆ చీకట్లో కర్రకు కర్ర తగిలే చప్పుడు. ముందుగా పాలబాస చేస్తారు, మనలో మనకు పగ లేదని. ఏటా పదులమందికి తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. దాన్ని వెనకేసుకొచ్చే ఓపిక నాకు లేదు. కింద వైద్య శిబిరంలో ఒక కుర్రాడి తలకు కుట్లు వేస్తుంటే నాకు కళ్లు తిరిగి బయటికొచ్చేసినాను.

అయితే అక్కడ ఒకటి విన్నాను. దెబ్బ తగిలినోడు ఎవడు కనపడినా జనం అడిగే మొదటి మాట, "యా ఊరప్పా? ఎవురి కొడుకు?" వాడికి పేరుంది, ఊరుంది, నెత్తిన పసుపు అద్దే మేనమామ పక్కనే ఉన్నాడు. కొట్టినోడు రేపు వీడి చేను పక్క చేనులోనే ఉంటాడు. టికెట్టు లేదు. చూసేవాడికీ దెబ్బ తినేవాడికీ మధ్య తెర లేదు. దివిటీ జారిందంటే చూసేవాడి చొక్కా కూడా కాలుతుంది.

మరుసటిరోజు టీవీలో 'కర్రల సమరం' అని పెట్టి, ఈ అనాగరికం ఆగేదెన్నడని గంటసేపు మాట్లాడినారు. మధ్యలో ప్రకటనలు. ఒకటి రాబోయే సినిమాది, హీరో మొహం నిండా రక్తం. అది నాగరికం, ఎందుకంటే దానికి టికెట్టుంది.

ఆ కొండ చుట్టుపక్కల మండలాల్లో చాలామంది పంటల కాలంలో సుగ్గికి పోతారు. సుగ్గి అంటే వాళ్ల భాషలో వలస. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు, బెంగుళూరులో బిల్డింగు పనులకు పోతారు. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. కోసిగి వైపు పోతే తాళాలేసిన ఇళ్లు, అరుగుల మీద ముసలోళ్లు. నా స్నేహితుడు చెప్పినాడు, ఆ రాత్రి కుట్లు వేయించుకున్న కుర్రాడు కుట్లు విప్పించుకోకుండానే మిరప చేలకు పోయినాడని. దేవరగట్టుకు డ్రోన్లొస్తాయి, చానెళ్లొస్తాయి. సుగ్గి లారీ కదిలేటప్పుడు ఒక్క కెమెరా రాదు. అందులో చూసేదానికి ఏమీ లేదు మరి.

మళ్లీ డిసెంబరు 4 రాత్రికి వస్తాను. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా అయిపోయేసరికి ఒంటిగంట దాటింది. పిల్లోడి ఆటోలోనే ఇంటికి తిరిగొస్తున్నాం. చలి. ఏడురోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ నా పురాణమంతా వాడి మీద ఒలకబోసినాను. 800 అన్నాను, 300 అన్నాను, కూలీలన్నాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే నా. కానీ పొద్దున లేస్తే పోలీసోడు ఒరే అంటాడు, ప్యాసింజరు ఒరే అంటాడు, ఫైనాన్సోడి సంగతి ఇంక చెప్పే పనే లేదు. ఆ మూడు గంటలు నన్నెవురూ ఒరే అనరు. ఆడ ఒకడు ఎవురికీ తల వంచకుండా కూచుంటే నాకు కడుపులో సల్లగా ఉంటాది. దానికి 800 పెట్టినా. నీకేం నా, నిన్ను ఆఫీసులో సార్ అంటారు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాడు కొన్నది కత్తిని కాదు, మూడు గంటల మర్యాదను. అది బయట ఎక్కడా దొరకనోడికి, సినిమా చూడొద్దు అని చెప్పే నోరు నాకు లేదు. చెప్పాల్సి వస్తే ఆ మర్యాదను అంత ధరకు అమ్మేవాళ్లకు చెప్పాలి, ఊరికే ఇవ్వాల్సిన చోట ఇవ్వని నాబోటి వాళ్లకు చెప్పాలి. మొన్న ఆ పిల్లోణ్ణే నేను, "ఒరే, బండి తియ్" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టి వాడే మళ్లీ ఎత్తుకున్నాడు. "నేను కూడా చూసినా నా వాళ్లను" అన్నాడు.

ఎవరినిరా అంటే చెప్పినాడు. కొన్నేళ్ల కింద, చెన్నై వైపు నుంచి వచ్చే రైలు దిగి ఇద్దరు తన ఆటో దగ్గరికొచ్చినారంట. ఒకడు పెద్దాయన, ఒకడు కుర్రాడు. అరవం తప్ప ఏమీ రాదు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. గువ్వలచెరువు ఘాటు మొదట్లో దింపమని సైగలు చేసినారు. తెల్లవారుజామున ఆ ఘాటు దగ్గర దిగేవాళ్లు దేనికి దిగుతారో కడపలో ఆటో తోలేవాడికి తెలుసు. రాయచోటి రోడ్డు పట్టుకొని దింపినాడు.

"పేర్లేమన్నా చెప్పినార్రా?"

"నేనడగలేదు నా. అడిగితే రేపు సాక్షినైతా కదా."

బండి స్టార్టు చేసినాడు. కొంచెం దూరం పోయినాక, వెనక్కి తిరగకుండానే అన్నాడు, 300 అని మాట్లాడుకుంటే దిగేటప్పుడు పెద్దాయన 320 ఇచ్చినాడంట. వీడు బండి తిప్పుకుంటుంటే వెనకే పరిగెత్తుకొచ్చి, చెయ్యి చాపి, ఆ 20 రూపాయలు అడిగి తీసుకొని అడవిలోకి పోయినాడంట.